క్రొత్త కెమెరా – పాత బాకీ

మన సంఘపు ప్రత్యేక సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు మేము రెండు మూడు దినములు సంకోచించితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియారు సంవత్సరములు ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగిరి చేసి, ఫైళ్ళపై నోట్లు వ్రాసినవారము మాత్రమే. భాషను గూర్చి, సంస్కృతిని గూర్చి మాకన్న తెలిసినవారు ఈ సంచికలో వ్రాయుచున్నారు. కావున మేమెరిగిన ఒక చిన్న విషయమును, అది కొన్ని నెలలుగా మా మనస్సును తొలిచిన విధమును విన్నవించుకొందుము. విషయము ఒక కెమెరాకు సంబంధించినది. ప్రశ్న మాత్రము కెమెరాతో ఆగిపోవునది కాదు. చక్కగా పనిచేయుచున్న వస్తువు చేతిలో ఉండగా, దానికన్న మెరుగైనది బజారులోనికి వచ్చినదను కారణముచే దానిని మార్చుకొనుట ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు?

బరంపురములోని మన తెలుగు కుటుంబములకు మేము పదునాలుగేండ్లుగా జీతము లేని ఫోటోగ్రాఫరులము. ఉగాది సభ, శ్రీరామనవమి పందిరి, పిల్లల అక్షరాభ్యాసము, పెద్దల షష్టిపూర్తి, ఎక్కడ నలుగురు చేరినను మా కెమెరా అక్కడ ఉండును. ఆ కెమెరా నికాన్ డీ 7000. ఆ నమూనా 2010లో వెలువడినది. మరుసటి సంవత్సరము వేతన సవరణ బకాయిలు చేతికందినపుడు, ఇంటికి రంగులు వేయింపవలెనని దాచిన సొమ్ముతో దానిని కొంటిమి. మా ఇంటావిడ ఆ గోడలను చూచినపుడెల్ల ఈనాటికిని ఆ సంగతి జ్ఞాపకము చేయుచుండును. కెమెరా మాత్రము ఒక్కనాడును మమ్ము నిలువున ముంచలేదు. దాని షట్టరును లక్షా యేబది వేల మార్లు నొక్కి పరీక్షించినట్లు తయారుచేసినవారు చెప్పిరి. మేము ఇంకను లక్షకు చేరలేదు.

గత దసరాకు మా మేనల్లుడు బెంగుళూరు నుండి వచ్చెను. వాని భుజమున క్రొత్త కెమెరా. అదియు నికానే; జెడ్ 5 అను తరగతిలో రెండవది, 2025లో వెలువడినది, అద్దము లేనిది. వాడు దానిని మా చేతికిచ్చి, “మామయ్యా, ఒక్క పూట వాడి చూడండి. ఆ తరువాత మీ పాతదాన్ని మీరే బీరువాలో పెట్టేస్తారు” అనెను. ఆ సాయంకాలమే పూజా మంటపమునకు పోయితిమి. ఒక మూల నూనెదీపపు వెలుతురులో ఒక వృద్ధుడు పూలదండ గ్రుచ్చుచుండెను. మేము ఫోకసు సరిచేసికొనకమునుపే ఆ యంత్రము ఆయన కంటిని కనిపెట్టి దాని చుట్టు చిన్న చతురస్రము గీసెను. మా చేయి వణకినది, బొమ్మ వణకలేదు. అబద్ధమేల, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఈ సంగతి వాడే పోయి కార్యదర్శిగారితో చెప్పెను. ఛాయాచిత్రముల నిమిత్తము సంఘము వేరుగా ఉంచిన కొంత నిధి కలదు. క్రొత్త బాడీ వెల లక్ష రూపాయలకు పైబడును. నిధి పోగా తక్కువైనది తాను వేసికొందునని మేనల్లుడు మాట ఇచ్చెను. కార్యవర్గమువారు సంతోషించి, అయినను పద్ధతి ప్రకారము మా అభిప్రాయమును నోటు రూపమున ఇమ్మనిరి. జీవితమంతయు పరుల కోరికలపై నోట్లు వ్రాసితిమి. మా కోరికపై మేమే వ్రాయవలసివచ్చుట అదియే మొదటిసారి.

అద్దము లేని కెమెరా యనగా ఏమో మన ఇండ్లలోని పెద్దలకు కొంచెము చెప్పవలెను. మా పాత కెమెరాలో లెన్సు వెనుక ఒక చిన్న అద్దము వాలుగా నిలిచియుండును. లెన్సు తెచ్చిన వెలుతురును అది పైకి మళ్ళించును; పైనున్న గాజు పట్టకము దానిని మన కంటికి చేర్చును. మీట నొక్కగానే అద్దము టక్కున పైకి లేచును, వెనుకనున్న సెన్సారుపై వెలుతురు పడును, బొమ్మ నమోదగును, అద్దము మరల దిగును. ఇందులో ఒక విచిత్రమున్నది. అద్దము లేచియున్న ఆ లిప్తకాలము మన కంటికి చీకటి. అనగా అద్దపు కెమెరాతో బొమ్మ తీసినవాడు తాను తీసిన క్షణమును తాను చూడడు. దానికి ముందటి క్షణమును, తరువాతి క్షణమును చూచును. ఎన్నో వేల బొమ్మలు తీసిన పిదప మేనల్లుడు చెప్పువరకు మాకీ సంగతి తట్టలేదు.

క్రొత్తదానిలో అద్దము లేదు. సెన్సారు ఎల్లప్పుడు తెరచుకొనియే ఉండి, తాను చూచుచున్న దానిని కంటివద్దనున్న చిన్న తెరపై చూపుచుండును. కావున బొమ్మ చీకటి యగునో వెలుగగునో ముందే తెలియును. ఫోకసు కొలుచు పని గూడ ఆ సెన్సారే చేయుటచే, ముఖము చట్రములో ఇంచుమించు ఏ మూలనున్నను పట్టగలదు. మా పాతదానికి ముప్పదితొమ్మిది ఫోకసు బిందువులు కలవుగాని అవన్నియు నడుమనే గుమిగూడియుండును. లోపములు క్రొత్తదానికిని ఉన్నవి. ఎల్లప్పుడు మేల్కొనియుండు యంత్రము గనుక బ్యాటరీని త్రాగివేయును. ప్రామాణిక పరీక్షలో మా పాతది ఒక్క నింపుడుతో వెయ్యి బొమ్మలు దాటును, ఇది నాలుగువందల లోపుననే ఆగును.

ఈ జాతి కెమెరాలు నిన్నటివి కావు. 2008లో పానసోనిక్ వారిది మొదట వచ్చినది. ఫిల్ము చట్రమంత పెద్ద సెన్సారుతో సోనీవారు 2013లో తెచ్చిరి. నికాన్, కెనాన్ వారు ఆ పెద్ద తరగతిలోనికి 2018లో దిగిరి. నికాన్ వారికి ఇది చిన్న మార్పు కాదు. 1959లో నిర్ణయించిన లెన్సు మూతినే వారు అద్దపు కెమెరాలన్నిటికి దాదాపు అరువదియేండ్లు కాపాడుకొనుచు వచ్చిరి. తండ్రి లెన్సు కొడుకు కెమెరాకు తగిలించుకొను వీలుండెను. అద్దము పోగానే దానికై విడిచిన చోటును పోయినది. లెన్సు మూతికి సెన్సారుకు నడుమ 46.5 మిల్లీమీటర్లు ఉన్న దూరము 16 మిల్లీమీటర్లకు తగ్గినది, మూతి వెడల్పైనది. పాత లెన్సును క్రొత్త బాడీకి తగిలింపవలెనన్న నడుమ అడాప్టరను ఉంగరము కావలెను.

ఇక్కడనే మా యింటి చిక్కు వచ్చినది. మావద్ద 50 మిల్లీమీటర్ల పాత డీ రకపు లెన్సు ఒకటి కలదు. సెకండుహ్యాండులో కొంటిమి. మన సంఘములోని పెద్దల ముఖములలో మేము మెచ్చుకొనదగిన బొమ్మలన్నియు దానితో తీసినవే. దానిలో మోటారు లేదు. పాత బాడీలోని మోటారు ఒక చిన్న మర ద్వారా దానిని త్రిప్పును. నికాన్ వారి అడాప్టరులో ఆ మోటారు లేదు. కావున క్రొత్త బాడీకి తగిలించినచో ఆ లెన్సును చేతితో త్రిప్పి ఫోకసు చేయవలెను. మాకిప్పుడు అరువదియేడేండ్లు. ఎడమకంటికి శుక్లము తీయించితిమి. బాడీ ఒక్కటియే మార్చుచున్నామని బయలుదేరినవాడు లెన్సును మార్చవలెను, పిదప సంచిని మార్చవలెను, పిదప కంప్యూటరును. ఇంటికి క్రొత్త కోడలు వచ్చినపుడు సామానంతయు చోటు మారునని మా తల్లిగారు అనుచుండెడివారు. ఆమె దానిని నిందగా అనలేదు.

పాతకాలమే మేలని చెప్పుట మా ఉద్దేశము కాదు. 1981లో మేము మొదట చేతబట్టినది ఆగ్ఫా క్లిక్ మూడవ రకము. అందులో 120 ఫిల్ము చుట్ట వేయుదురు, పండ్రెండు బొమ్మలు వచ్చును. మేము వాడినది చాలవరకు ఉదకమండలపు కర్మాగారములో తయారైన ఇందు ఫిల్ము. పండ్రెండే గనుక మీట నొక్కుటకు ముందు రెండుమార్లు ఆలోచింతుము అని నేటి యువకులకు గొప్పగా చెప్పుకొనుట మా వయస్సువారి అలవాటు. కాని ఆ పండ్రెండింటిలో నాలుగైదు చెడిపోవునని చెప్పము. మా తల్లిగారు నవ్వుచుండగా తీసిన ఒకే ఒక బొమ్మ అట్లే కదలిపోయినది. ఆమె ముఖమున్న చోట ఇప్పుడు తెల్లని మసక ఉన్నది. చేయి కదలినను బొమ్మను నిలుపు యంత్రము ఆనాడున్నచో దానికై మేము చెవిపోగులు గూడ అమ్ముకొనియుందుము. కావున క్రొత్తదానిని ఎగతాళి చేయుటకు మాకు నోరు లేదు.

మా మిత్రులొకరు, విశ్రాంతులైన ఉపాధ్యాయులు, సాయంకాలపు నడకలో ఈ ప్రసంగము విని నవ్వి, “దీనికింత మథనమెందుకండీ! జీర్ణవస్త్రములు విడిచి నూతన వస్త్రములు ధరించినట్లని భగవద్గీతలోనే ఉన్నదిగదా. వారును బాడీని గురించియే చెప్పినారు” అనిరి. చమత్కారము బాగున్నది, అందరము నవ్వితిమి. ఇంటికి వచ్చి ఆలోచింపగా అది మా పక్షముననో ఆయన పక్షముననో తేలలేదు. గీతలో చెప్పిన ఉపమానము జీర్ణమైన వస్త్రమును గూర్చి. బజారులో మేలైన చీర వచ్చినదని ఒంటిమీది మంచి చీరను విప్పివేయుమని అక్కడ లేదు. మా కెమెరా జీర్ణమైనదా? కాలేదు. జీర్ణమైనది మా కన్ను, మా చేయి. వానికి మారుగా క్రొత్తవి దొరకవు గనుక, ఆ లోటును యంత్రము చేత పూడ్చుకొనుట కంటి అద్దాలు పెట్టుకొనుట వంటిదే గదా? కంటి అద్దాలు మార్చుకొనుటకు ఎవడును ధర్మశాస్త్రము చూడడు. ఇట్లు ఇరువైపుల వాదించుకొని తెల్లవారుజామున నిద్రపోతిమి.

వాదము తేలనిచోట గుమాస్తాకు తెలిసిన ఉపాయము ఒక్కటే, పద్దు వ్రాయుట. ఒక ఫుల్‌స్కేపు కాగితము తీసికొని గీతలు గీచితిమి. ఈ పదునాలుగేండ్లలో తీయవలసియుండియు తీయలేకపోయిన బొమ్మలు, తీసినను చెడిపోయిన బొమ్మలు, తలచుకొన్నపుడు మనస్సు చివుక్కుమనునవి ఏవేవో ఒక్కొక్కటి వ్రాసి, ఎదుట కారణము వ్రాయసాగితిమి. మూడు రాత్రులు పట్టినది. యేబదిమూడు తేలినవి.

వానిలో పదకొండింటికి నిజముగా కెమెరాయే కారణము. అవి దాదాపు అన్నియు ఠాకురాణి యాత్ర నాటివి. రెండేండ్లకొకమారు మన ఊరిలో జరుగు ఆ యాత్రలో రాత్రివేళ స్త్రీలు అమ్మవారి ఘటములను తలపై నెత్తుకొని వీధి వీధి తిరుగుదురు. దివిటీల వెలుతురు ముఖముపై ఒక క్షణము పడి మరు క్షణము తొలగిపోవును. పులివేషములవారు గంతులు వేయుచుందురు. ఆ చీకటిలో మా డీ 7000 తడబడును. పట్టినను బొమ్మనిండ ఇసుక చల్లినట్లుండును. పెద్ద సెన్సారు వైశాల్యమున దానికి రెండింతలకు పైబడినది గనుక అక్కడ క్రొత్తది తప్పక గెలుచును. ఎనిమిదింటికి మా చేయి, మా కన్ను కారణము. అవన్నియు గత మూడేండ్లలోనివే.

మిగిలిన ముప్పదినాలుగింటికి కారణము వ్రాయుటకు కొంత సిగ్గైనది. వానయని పోలేదు. పోయితిమిగాని భోజనపు పంక్తిలో కూర్చుండి మరచితిమి. అడుగుటకు మొగమాటపడితిమి. పాటకచేరీకి వచ్చిన పెద్దవారి బొమ్మలు తీసి, తంబుర పట్టిన ముసలాయనను విడిచితిమి. ఒకరింట ముత్తవ్వగారు జాతి వైద్యపు మూలికలు నూరుచుండగా వెలుతురు చాలదని, మరొకనాడు పగటివేళ వత్తుమని చెప్పి వచ్చితిమి. ఆ మరొకనాడు రాలేదు. ఈ ముప్పదినాలుగింటిని ఏ దేశపు కర్మాగారమును బాగుచేయజాలదు.

ఈ పద్దు వ్రాయుచుండగానే మరియొక పద్దు జ్ఞాపకమునకు వచ్చినది. దానిని మేము ఏనాడును వ్రాసికొనలేదు.

2016లో పట్టు నేతవారి వీధిలో ఒక మామ్మగారి బొమ్మ తీసితిమి. ఎనుబది దాటినవారు. పిల్లలందరు మగ్గము విడిచినను ఆమె మాత్రము వాకిట కూర్చుండి రాట్నమున నూలు తోడుచుండెను. మేము అడుగగా లోపలికి పోయి చీర మార్చుకొని, బొట్టు దిద్దుకొని వచ్చి కూర్చుండెను. అరగంట కూర్చుండబెట్టితిమి. లేచునపుడు, “నా బొమ్మ ఒకటి నాకియ్యి బాబూ, గోడకి ఎట్టుకుంటాను” అనెను. తప్పక ఇత్తుమని చెప్పితిమి. ఆ ఉగాదికి కనబడి అడిగెను. మరుసటి యేడు దేవళము మెట్లవద్ద అడిగెను. మూడవమారు ఆమె అడుగలేదు, మా సంచివైపు చూచి నవ్వెను, అంతే. 2019లో ఆమె కాలము చేసెను. దినకార్యమునకు మేము పోయి భోజనము చేసి వచ్చితిమి. వారి గోడమీద ఆధారు కార్డునుండి పెద్దదిగా చేయించిన బొమ్మ వ్రేలాడుచుండెను. మా హార్డ్ డిస్కులో ఆమె చీర మార్చుకొని కూర్చున్న బొమ్మలు ఇరువదిరెండు ఉన్నవి.

లెక్క చూచితిమి. ఆ డిస్కులో నలుబదియొక్క వేల బొమ్మలు. ఈ పదునాలుగేండ్లలో కాగితముపై ప్రింటు వేయించి ఒకరి చేతికిచ్చినవి నూట యెనుబదియారు. వాట్సాపులో పంపితిమిగదా అని ఒక మనస్సు సమాధానము చెప్పెను. పంపితిమి, నిజమే, ఫోనున్న కొడుకులకు కోడండ్రకు పంపితిమి. అవి శుభోదయపు పూలబొమ్మల నడుమ పడి కొట్టుకొనిపోయినవి. అడిగిన మామ్మకు ఫోను లేదు.

ఒక మనిషిని ఇటు చూడుమని, కొంగు సవరించుకొనుమని, కొంచెము నవ్వుమని మనమడిగినపుడు వారు మనకొకటి ఇచ్చుచున్నారు. వెల కట్టుటకు వీలులేనిదని కవులు చెప్పవచ్చును. మాకు తెలిసినది వారు ఒక కాపీ అడిగిరి, మేము తప్పక యంటిమి అనునంతవరకే. కార్యాలయ భాషలో అది పెండింగు. మేము పనిచేసిన సీటులో పెండింగు జాబితా ఉండగా క్రొత్త ఫైలు తెరచినచో పై అధికారి ఊరకుండెడివారు కారు.

నోటులో ఇదే వ్రాసితిమి. ఉన్న నిధితో ముందుగా డెబ్బదియేండ్లు పైబడినవారి బొమ్మలు ప్రింటు వేయించి, వెనుక తెలుగులో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి ఇండ్లకు చేర్చవలెను, బాడీ సంగతి ఆ పిదప అని. కార్యవర్గములో రెండు గంటలు చర్చ జరిగినది. కార్యదర్శిగారు చిన్నవారు, మర్యాద తెలిసినవారు. వారి వాదము తీసివేయదగినది కాదు. “బాబాయిగారూ, ప్రింటు పదేళ్ళ తరువాతైనా వేసుకోవచ్చు. మనిషి పోతే బొమ్మ తీయలేం. మీ పద్దులోనే పదకొండు చీకట్లో పోయాయని రాశారు. డబ్బు ముందు దేనికి పెట్టాలి?” అనిరి. దీనికి పూర్తి సమాధానము మావద్ద లేకపోయినది. తీయని బొమ్మను ప్రింటు వేయలేమనుట సత్యము. కాని పదేండ్ల తరువాత ప్రింటు వేయుదుమన్న మాటను మేమును పదునాలుగేండ్లుగా చెప్పుకొనుచునే ఉంటిమని మాత్రము వారికి మనవి చేసితిమి. అద్దపు కెమెరాతోనే యిన్ని వేలు పోగుచేసి దాచినవాడు, నిమిషమునకు వందలు తీయగల యంత్రము చేతికి వచ్చిన పిదప మారునను నమ్మకము మాకు లేదు. ఒక పెద్దమనిషి మా నోటు అటు యిటు కానిదని విసుగుకొనిరి. అది నిజమే, ముప్పదియారేండ్ల అలవాటు.

ఇంకొక సంగతి నోటులో వ్రాయలేదు, ఇక్కడ చెప్పెదము. క్రొత్త కెమెరాను శబ్దము లేకుండ పనిచేయునట్లు పెట్టవచ్చును. దానిని మేనల్లుడు గొప్ప సుగుణముగా చెప్పెను. గర్భగుడి ముంగిట, పాట సాగుచుండగా, పసిబిడ్డ నిద్రించుచుండగా నిశ్చయముగా సుగుణమే. కాని ఆ దసరానాడు దండ గ్రుచ్చు వృద్ధుని బొమ్మలు తొమ్మిది తీసితిమి, ఆయనకు తెలియనే లేదు. పాత కెమెరా టక్కుమన్నపుడు ఎదుటివారు తలయెత్తుదురు. వలదన్నచో చేయి అడ్డము పెట్టుదురు, ఇష్టమైనచో మరల సర్దుకొని కూర్చుందురు. ఆ చప్పుడు మాకు మర్యాద నేర్పినదని ఇన్నాళ్ళు తెలియలేదు. చప్పుడు లేనిచోట ఆ మర్యాదను మనిషే నోటితో చెప్పవలెను. మేము లేచి ఆయనవద్దకు పోయి, “తాతా, మీ బొమ్మ తీసినాను” అని తెరపై చూపితిమి. ఆయన చూచి, చేతిలోని దండను సవరించుకొని, “ఇప్పుడు తియ్యి” అనెను. ఆ పదియవదే బాగున్నది.

కడకు కార్యవర్గము ప్రింట్లకు సొమ్ము మంజూరు చేసి, బాడీ విషయమును మరల యాత్ర వచ్చులోపల తేల్చుకొందమని నిలిపినది. ఏ బాడీ అన్నదానిపై మా అభిప్రాయము అడిగిరి గనుక చెప్పితిమి. పద్దులో కనబడిన లోట్లు రెండే, చీకటి ఒకటి, వణకు ఒకటి. కావున పెద్ద సెన్సారు, చేయి వణకినను సర్దుకొను ఏర్పాటు బాడీలోనే ఉన్నది చాలును. 2024లో వచ్చిన జెడ్ 50 రెండవది తేలిక, వెలయు తక్కువ, కాని బాడీలో ఆ ఏర్పాటు లేదు, సెన్సారు చిన్నది. అంతకన్న ఖరీదైనవానిలోని వేగము, మెగాపిక్సెళ్ళు మన పెండ్లిపందిళ్ళకు అక్కరలేదు. మరియు దానిని మా పేర కొనవలదంటిమి. ఆదివారపు తెలుగు తరగతికి వచ్చు ఒక ఆడపిల్ల, కళాశాలలో చదువుచున్నది, ఇప్పటికే మా పాతదానితో పగటివేళ బొమ్మలు తీయుచున్నది. ఆమెకు కన్ను మంచిది, అంతకన్న ముఖ్యముగా అడుగుటకు మొగమాటపడదు. మా ముప్పదినాలుగింటిలో సగము ఆమె చేతిలో తప్పియుండెడివి. క్రొత్తది వచ్చినచో ఆమెకు వచ్చును; 50 మిల్లీమీటర్ల లెన్సు మాత్రము పాత బాడీతో మావద్దనే ఉండును.

ఇది వ్రాసినంత మాత్రమున మా కోరిక చచ్చినదని అనుకొనవలదు. మొన్న రాత్రియు ఫోనులో ఆ కెమెరా బొమ్మ చూచుచుండగా మా ఇంటావిడ వచ్చి, “గోడలకు రంగులా?” అని అడిగి పోయెను.

ప్రింట్లు ఇచ్చుటకు మేమును ఆ పిల్లయు ఆదివారములు తిరుగుచున్నాము. మూడువందల నలువది చేర్చవలెను, ఇంతవరకు నూటపదునెనిమిది చేరినవి. మొదటిది పట్టు నేతవారి వీధిలోని ఆ యింటికే తీసికొనిపోయితిమి. మామ్మగారి కోడలు చేయి తుడుచుకొని వచ్చి రెండు చేతులతో పుచ్చుకొని, “ఈ చీర మాయత్త నా పెళ్ళికి కట్టినాదండి” అని చాలసేపు చూచెను. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమై గంజాము అందులో కలిసినది మొదలు మన పిల్లలు క్రమముగా ఒడియా బడులకే పోవుచున్నారని మీరెరుగుదురు. ఆ యింటి మనుమడు పదేండ్లవాడు. ప్రింటును అటు త్రిప్పి యిటు త్రిప్పి, వెనుక వ్రాసినదానిపై వ్రేలుంచి, ఇదేమి వ్రాసినారని ఒడియాలో అడిగెను. మేము వాని ప్రక్కన గడపమీద కూర్చుండి, వ్రేలు ఒక్కొక్క అక్షరము క్రింద జరుపుచు, వాని ముత్తవ్వ పేరు చదివితిమి.